తాళం వేసి దిగినవాడు

ముందు మీరు చెప్పండి. ఆ వీడియోలో మీరేం చూశారు?

దాటెయ్యకండి. అది మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. కాగితం మిల్లు, గోడ మీద ఎర్ర స్విచ్చు, స్విచ్చు పట్టీకి వేలాడుతున్న ఇత్తడి తాళం, చివర్లో ఓ చెయ్యి. నిమిషం కూడా ఉండదు. చూసి అయ్యో పాపం అనుకుని ఉంటారు, ఇంకో పదిమందికి పంపి ఉంటారు. నేనడిగేది మీ జాలి గురించి కాదు. ఆ చెయ్యిని సరిగ్గా చూశారా, లేదా?

సరే, గుర్తు తెచ్చుకుంటూ ఉండండి. ఈలోపు అది ఎలా బయటికొచ్చిందో నేను చెప్తాను.

నన్ను అందరూ పెద్దక్క అంటారు. ఆ మిల్లులోనే జుట్టు నెరిసింది నాకు. యూనియన్ కార్యదర్శిని. తియ్యగా మాట్లాడటం చేతకాదు, ఇప్పుడు నేర్చుకునే వయసూ కాదు. నా కుడిచేతి చిటికెన వేలు సగమే ఉంటుంది. మిగతా సగం మిల్లు తినేసింది.

ఆ మిల్లులో పాత కాగితాలూ అట్టపెట్టెలూ నీళ్ళలో వేసి గుజ్జు చేసే పెద్ద తొట్టి ఉంది. మనిషి దిగితే తల కనపడనంత లోతు. అడుగున కత్తుల చక్రం. మేం దాన్ని గంగాళం అంటాం. ఆ చక్రానికి తాళ్ళూ ప్లాస్టిక్ సంచులూ చుట్టుకుపోతుంటాయి. అప్పుడు నీళ్ళు వదిలేసి, ఎవరో ఒకరు లోపలికి దిగి వాటిని కోసి తియ్యాలి. వాళ్ళు లోపల ఉండగా బయట ఇంకొకడు స్విచ్చు వేస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. నాకు వేలితో పోయింది.

వేలు పోయిన రోజు నుంచి మేం పని ఆపేశాం. ఎండలో గేటు ముందు కూర్చున్నాం, దెబ్బలు తిన్నాం, పిల్లల్ని పస్తులు పడుకోబెట్టాం. చివరికి ఒక్క రూలు సాధించుకున్నాం. దిగేవాడు దిగేముందు స్విచ్చు పట్టీకి తన సొంత తాళం వెయ్యాలి. తాళంచెవి తన జేబులోనే ఉండాలి. ఎవరి తాళం వాళ్ళే తియ్యాలి. మేనేజరు కాదు గదా, మంత్రి దిగొచ్చినా ఇంకొకరి తాళం ముట్టుకోకూడదు. తాళం తీశాక కూడా, స్విచ్చు వేసేవాడు గంగాళం గోడ మీద మూడుసార్లు కొట్టాలి. లోపల్నుంచి తిరిగి మోత వచ్చిందంటే ఇంకా మనిషి ఉన్నట్టే.

ఒకసారి ఒకాయన తాళం వేసి, పని ముగించి, తియ్యడం మర్చిపోయి అటునుంచి అటే అత్తారింటికి వెళ్ళిపోయాడు. మిల్లంతా ఆగిపోయింది. మేనేజరు పెద్ద కట్టరు పట్టుకొచ్చి తాళం కోసేస్తానని గంతులేశాడు. నేను స్విచ్చుకి అడ్డంగా నిలబడి, ముందు నన్ను కొయ్యమన్నాను. అల్లుడుగారిని అన్నం ముందు నుంచి లేపుకొచ్చి, ఆయన చేత్తోనే తీయించాం. ఆ తర్వాత చాలాకాలం ఆయన ఎదురుపడితే చాలు, 'అల్లుడుగారూ, తాళం తీశారా?' అని ఏడిపించేవాళ్ళు. నవ్వులాటే గానీ, అంత గట్టి రూలు అది.

నా తమ్ముడు అదే మిల్లులో ఎలక్ట్రీషియను. ఆ రూలుని నాకంటే గట్టిగా పట్టుకున్నవాడు. ఇత్తడి తాళం నడుముకి తగిలించుకునే తిరిగేవాడు. పెళ్ళి ఫోటోలో కూడా కనిపిస్తుంది. మా మరదలు దాన్ని సవతి అనేది. మిల్లులో అందరూ వాణ్ణి తాళం అనే పిలిచేవాళ్ళు. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆ మనిషి గంగాళంలో పోయాడు. పనిలో ఉండగా స్విచ్చు వేశారు.

తాళం వెయ్యకుండా దిగాడు, తప్పు అతనిదే అన్నాడు ఫోర్‌మన్. తను స్విచ్చు వేసినప్పుడు పట్టీకి ఏ తాళమూ లేదన్నాడు. వెతికితే తాళం ఎక్కడా దొరకలేదు. కోసేసి ఏ తుప్పల్లోనో పారేశారని నాకు తెలుసు. తెలిస్తే సరిపోతుందా? విచారణ మొదలైంది. తాళం అని పేరు పడ్డవాడు తాళం వెయ్యకుండా దిగాడని కాగితం మీద రాయబోతున్నారు. అలా రాస్తే వాడు రెండోసారి చచ్చినట్టే. పైగా ఆ ఒక్క కాగితం చూపించి రూలునే ఎత్తేస్తారు, రూలున్నా మనుషులు పాటించరు కదా అని.

మా యూనియన్ ఆఫీసులో ఒక పాత ల్యాప్‌టాప్ ఉండేది. అందులో తమ్ముడే లైనక్స్ పెట్టాడు. ఏ కంపెనీకీ చెందని సాఫ్ట్‌వేరు, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, ఊరికే వస్తుంది. "అక్కా, ఇది మన యూనియన్ లాంటిది," అనేవాడు. "ఏదీ దాచదు. ఆపమంటే ఆగకపోతే, ఎందుకు ఆగడం లేదో కూడా చెప్తుంది." వాడి ఫోన్‌లో ఏం తీసినా నెట్ మీదుగా వచ్చి అందులో పడేలా ఏర్పాటు చేసుకున్నాడు. ఫోన్ వాడితోపాటే నుజ్జయిపోయింది. ల్యాప్‌టాప్‌ని మర్నాడే పోలీసులు ఆఫీసు బీరువాతో సహా పట్టుకుపోయారు. కాళ్ళరిగేలా తిరిగితే, విచారణ చివరి రోజు పొద్దున్న నా చేతిలో పెట్టారు.

తెరిచాను. 'ఆఫీసు' అనే లాగిన్ పేరుతో లోపలికి వెళ్ళడం నాకు వచ్చు, వాడే నేర్పాడు. వాడు పోయిన రోజు తారీఖుతో ఒక వీడియో ఉంది. ఎర్ర స్విచ్చు. ఇత్తడి తాళం. వాడి గొంతు. "తాళం వేశాను, చూసుకోండి. దిగుతున్నాను." అంతే. ఫోన్ జేబులో పెట్టుకున్న చప్పుడు, చీకటి, అయిపోయింది. చాలా చిన్న వీడియో. చివర్లో ఏ చెయ్యీ లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

కళ్ళు తుడుచుకుని పెన్‌డ్రైవ్ పెట్టాను, కాపీ చెయ్యమన్నాను. తెర బిగుసుకుపోయింది. బాణం గుర్తు కదలదు. ఏం నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

డాక్టరమ్మకి కబురు చేశాను. నిజం డాక్టరు కాదు, చచ్చిన యంత్రాల్ని లేపుతుందని ఆ పేరు. నడివయసు మనిషి, సంచిలో స్క్రూడ్రైవర్లు, నోట్లో ఎప్పుడూ ఏదో వేళాకోళం. వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మా ఆఫీసు ఒక టైర్ల షాపు మీద మేడగది. ఇనప మెట్లు, మూడు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి ఆనించిన జెండా కర్రలు, ఎప్పుడూ కింద నుంచి వచ్చే రబ్బరు కాలిన వాసన. ఆ రోజు మబ్బు పట్టి గది అంతా మసకగా ఉంది. వాన మొదలవగానే కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది.

అవతల మా మరదలు విచారణ గదిలో కూర్చుని ఉంది. సాయంత్రం ఐదింటికి విచారణ ముగించేస్తానని అధికారి ముందే చెప్పేశాడు.

డాక్టరమ్మ ల్యాప్‌టాప్‌కి చెవి ఆనించింది. లోపల టిక్... టిక్... అని సన్నటి చప్పుడు.

"దీన్ని కూడా పోలీసులు కుమ్మారా ఏంటి పెద్దక్కా?" అంది.

ఆ చప్పుడు హార్డ్ డిస్క్‌దనీ, ప్రాణం పోయేముందు అలా కొట్టుకుంటుందనీ చెప్పింది. బటన్ నొక్కిపట్టి ఒక్కసారిగా ఆపేస్తే డిస్క్ మళ్ళీ లేవకపోవచ్చు, వీడియో దాంతోపాటే పోతుంది. మర్యాదగా ఆగి మొదలయ్యేలా చెయ్యాలి. రీస్టార్ట్ అయితే కాపీ చేసుకోడానికి కాసింత సమయం దొరకొచ్చు. అంతకుమించి తను మాటివ్వలేనంది.

బొమ్మలు కదలకపోయినా లోపలికి వెళ్ళడానికి ఇంకో దారి ఉంటుందట. మూడు కీలు కలిపి నొక్కింది. తెర నల్లబడి తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఆఫీసు పేరుతో లోపలికి వెళ్ళి కాపీ చెయ్యబోతే అక్కడా కదల్లేదు, దాంతో రీస్టార్ట్ అవమని టైపు చేసింది.

ఆగలేదు. ఏవో నాలుగు లైన్లు వచ్చాయి. అన్నీ ఇంగ్లీషులో. డాక్టరమ్మ వాటిని చదువుకుంది. మళ్ళీ చదువుకుంది. ముఖంలో వేళాకోళం పోయింది.

ఏమంటోందని అడిగాను.

"కుదరదంటోంది. ఇంకో మనిషి లోపల ఉన్నాడట."

"ఎవరట?"

"తాళం అని ఉంది."

అది వాడి లాగిన్ పేరని చెప్పాను. వాడిదే కదా ల్యాప్‌టాప్, పాతది ఏదో మిగిలిపోయి ఉంటుందిలే అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. ముఖ్యమైన పని మధ్యలో ఉన్నప్పుడు ఎవరూ ఆపెయ్యకుండా లోపలున్నవాళ్ళు ఇలా ఒక అడ్డు పెట్టుకోవచ్చట. పక్కన కారణం కూడా రాసుకోవచ్చట. ఆ అడ్డు తియ్యకుండా యంత్రం ఆగదు. అచ్చం మా రూలే. కానీ ఒకసారి ల్యాప్‌టాప్ ఆగిపోతే ఆ అడ్డూ పోతుంది. ఇది స్టేషన్‌లో నెలల తరబడి చార్జింగ్ లేకుండా పడి ఉంది.

"అంటే ఇది పాతది కాదు," అంది డాక్టరమ్మ. "ఇవాళ పెట్టింది. మీరు తెరిచాక."

కారణం ఏం రాశాడని అడిగాను. ఆమె గట్టిగా చదవలేదు. వేలితో చూపించింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. వాడు ఎప్పుడూ అలాగే టైపు చేసేవాడు.

*లోపల ఉన్నాను.*

బయట వాన జోరందుకుంది. మెట్ల రేకు మీద చినుకుల మోత. కింద షాపులో గాలి కొట్టే యంత్రం ఎప్పుడో ఆగిపోయింది. రబ్బరు వాసన రావడం లేదు. దాని బదులు ఇంకేదో వాసన... నానిన అట్టల వాసన. పులిసిన కాగితం వాసన. ముప్పై ఏళ్ళు నా చీరల్లోంచి వదలని వాసన.

డాక్టరమ్మ ఇంకేదో టైపు చేసింది. ఇప్పుడు లోపల ఎవరెవరు ఉన్నారో చూపించే మాట. రెండు పేర్లు వచ్చాయి. ఒకటి ఆఫీసు. రెండోది తాళం. నెట్ మీదుగా దూరం నుంచి ఎవరైనా దూరారేమో అన్నాను. అలా ఆశపడ్డాను.

కాదంది. దూరం నుంచి వస్తే వేరేలా చూపిస్తుందట. ఈ తాళం ఈ కీబోర్డు మీదే పేరూ పాస్‌వర్డూ కొట్టి లోపలికి వచ్చాడు. అంటే ఈ బల్ల ముందే. ఈ కుర్చీలోనే కూర్చుని.

ఆ మాట అంటూనే ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. ఇద్దరం ఆ ఖాళీ కుర్చీ వైపు చూస్తూ ఉండిపోయాం. మామూలు ప్లాస్టిక్ కుర్చీ. దాని మీద ఏమీ లేదు.

కీబోర్డు మీద కీల సందుల్లో మాత్రం ఏదో తడి. బూడిదరంగు. డాక్టరమ్మ గుడ్డతో తుడిచి, దుమ్ము చెమ్మగిల్లిందంది. నేను వేళ్ళ మధ్య నలిపి చూశాను. దుమ్ము కాదు. గుజ్జు నాకు తెలియదా?

పొద్దున్న ఆ ల్యాప్‌టాప్ తెరిచాక మధ్యలో ఒకసారి కిందికి వెళ్ళొచ్చాను, డాక్టరమ్మ వస్తోందేమో చూడ్డానికి. గదికి గొళ్ళెం పెట్టే వెళ్ళాను. వాడి పాస్‌వర్డు భూమ్మీద ఎవరికీ తెలియదు. పెళ్ళానికీ తెలియదు, నాకూ తెలియదు.

అప్పుడు నేను చేసిన పని ఎందుకు చేశానో అడక్కండి. చేతికి అలవాటు. బల్ల మీద మూడుసార్లు కొట్టాను. గంగాళం గోడ మీద కొట్టినట్టు.

డిస్క్ చప్పుడు ఆగిపోయింది.

వాన ఒక్కటే వినిపిస్తోంది.

తర్వాత, ల్యాప్‌టాప్ లోపల్నుంచి... టిక్. టిక్. టిక్.

మళ్ళీ నిశ్శబ్దం.

డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. వెళ్ళిపోదాం అంది. నేను కదల్లేదు. లోపలున్నవాళ్ళతో మాట్లాడే దారి ఏదైనా ఉందా అని అడిగాను. ఉందంది. ఒకే యంత్రంలో ఉన్నవాళ్ళు ఒకరి తెర మీదికి ఒకరు రెండు ముక్కలు రాసి పంపుకోవచ్చు. ఏం రాయమంటారని అడిగింది.

తమ్ముడూ బయటికి రా, అని రాయమన్నాను.

ఆమె టైపు చేసింది. ఇద్దరం నిలబడే ఉన్నాం. తెల్లటి గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. అంతలో దాని కింద అక్షరాలు రావడం మొదలైంది. ఒక్కొక్కటే. వాడు రెండు వేళ్ళతో టైపు చేసేవాడు, అంత మెల్లగా. డాక్టరమ్మ చేతులు కీబోర్డు మీద లేవు. నా చేతులూ లేవు.

*అక్కా ఆగు*

కాసేపు ఏమీ రాలేదు. తర్వాత కింది లైనులో...

*కాలు ఇరుక్కుంది*

నా ఫోన్ మోగింది. మా మరదలు. ఎవరికీ వినపడకుండా మాట్లాడుతోంది. "వదినా, ఎక్కడున్నావ్? ఆఫీసరు పెన్నుకి మూత పెట్టేశాడు. ఇంకేమైనా ఉందా అని చివరిసారి అడుగుతున్నాడు."

వస్తున్నానని చెప్పాను. నా పేరు చెప్పి, కాసేపు ఆపమన్నాను. ఫోర్‌మన్ ఎదురుగా కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్నాడని చెప్పింది. తన మొగుడి పేరు పక్కన నిర్లక్ష్యం అన్న ముక్క ఇప్పటికే రాసేసి ఉంచారని చెప్పింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

తెర మూలన బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. డిస్క్ మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టింది, ఈసారి గబగబా.

ఇంకో దారి లేదా అని డాక్టరమ్మని అడిగాను. ఉంది అంది. అంతకుముందే అదే తెర మీద యంత్రమే చెప్పింది కూడా. రీస్టార్ట్ అనే మాట చివర ఒక గీత, ఒక అక్షరం కలిపితే చాలు. లోపల ఎవరున్నా, ఎవరు ఏ అడ్డు పెట్టుకున్నా పట్టించుకోదు. అందర్నీ తోసేసి ఆగిపోతుంది. డిస్క్‌కి దెబ్బ తగలదు.

ఆమె ఆ మాట టైపు చేసింది. చివరి మీట నొక్కకుండా వెనక్కి జరిగింది.

"నొక్కడం మీ ఇష్టం పెద్దక్కా. నేను నొక్కను."

నేను ఆ తెర ముందు నిలబడ్డాను. చచ్చిపోయాడు వాడు. గుడ్డలో మూటగట్టి తెచ్చింది నేనే. చచ్చినవాడికి కొత్తగా ఏమవుతుంది? బతికున్నవాళ్ళ సంగతి చూడాలి. వాడి పేరు నిలబడాలి. రూలు నిలబడాలి. ఐదు అవుతోంది. ఇవన్నీ అనుకున్నాను. అన్నీ నిజమే. ఇప్పటికీ నిజమే.

*అక్కా కొంచెం*

అక్షరాలు ఇంకా వస్తూనే ఉన్నాయి...

నొక్కాను. కుడిచేతి వైపు ఉంటుంది ఆ మీట. చిటికెన వేలికి అందుతుంది. నా సగం వేలితో నొక్కాను.

ల్యాప్‌టాప్ లోపల ఫ్యాను లేచింది. అంత చిన్న డబ్బాలోంచి రావలసిన చప్పుడు కాదు అది. మెల్లగా మొదలై, బరువుగా తిరిగి, గోడలు అదిరేలా... గంగాళం మొదలయ్యే చప్పుడు. నీళ్ళు సుడి తిరుగుతున్నట్టు. దానిలో మూడు దెబ్బలు. మళ్ళీ మూడు. మళ్ళీ...

ఆగిపోయింది.

తెర చీకటైంది. గది చీకటైంది. డాక్టరమ్మ ఏదో గొణుగుతోంది. తర్వాత మామూలుగా, ఏమీ ఎరగనట్టు, తెర వెలిగింది. ఆఫీసు పేరు అడిగింది. లోపలికి వెళ్ళాం. వీడియో ఉన్నచోటే ఉంది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాం. తెరిచి చూసుకునే తీరిక లేదు. డాక్టరమ్మ స్కూటర్ మీద వానలో తడుస్తూ వెళ్ళాం.

విచారణ గదిలో అందరూ లేచి నిలబడి ఉన్నారు. నేను పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టి, ఇది చూడకుండా ఎవరూ కదలడానికి వీల్లేదన్నాను. నా సంగతి ఆ ఆఫీసరుకి తెలుసు. కూర్చున్నాడు.

గోడ మీద పెద్దగా వేశారు. ఎర్ర స్విచ్చు. ఇత్తడి తాళం. తమ్ముడి గొంతు వినగానే మరదలు నా భుజం పట్టుకుంది. తాళం వేశాను, చూసుకోండి. దిగుతున్నాను. ఫోన్ జేబులో పెట్టుకున్న చప్పుడు, చీకటి. పొద్దున్న నేను చూసింది అంతవరకే.

అక్కడితో ఆగలేదు.

మళ్ళీ వెలుగు వచ్చింది. అదే స్విచ్చు. కానీ ఈసారి కిందనుంచి కనపడుతోంది, దూరంగా, గుండ్రటి అంచు మీదుగా. గంగాళం అడుగున నిలబడి తలెత్తి చూస్తే ఎలా కనపడుతుందో అలా. వీడియోలో ఊపిరి తీస్తున్న చప్పుడు. పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది. ఆ చేతిలో కట్టరు. తాళం పళ్ళ మధ్య ఇరికించి నొక్కింది. తాళం పడింది. ఆ చెయ్యి అక్కడితో వెళ్ళిపోలేదు. ఇత్తడి ముక్క పడ్డ చప్పుడు ఆగేదాకా ఉండి, స్విచ్చు మీదికి వెళ్ళింది. అంతే. ఆ గదిలోంచే ఎవరో బయటికి పంపారు, ఇప్పుడు మీ ఫోన్లలో ఉన్నది ఇదే.

గదిలో గోల పుట్టింది. ఆఫీసరు పెన్ను మూత తీసి, రాసింది కొట్టేశాడు. మరదలు కుర్చీలో కూలబడింది. ఎవరో నా వీపు తట్టారు. మేం గెలిచాం. తాళం వేసే దిగాడని కాగితం మీదికి ఎక్కింది. ఫోర్‌మన్‌ని అప్పటికప్పుడే బయటికి నడిపించారు.

అంతకుముందు మాత్రం ఒకటి జరిగింది. అందరూ అరుస్తుంటే ఫోర్‌మన్ ఒక్కడే కదలకుండా గోడ మీద ఆగిపోయిన ఆ బొమ్మనే చూశాడు. తన రెండు చేతులూ బల్ల మీద పరిచి పెట్టుకుని వాటి వైపు చూసుకున్నాడు. తర్వాత నా చేతి వైపు చూశాడు. చాలాసేపు. నన్ను దాటి వెళ్తూ, నాకొక్కదానికే వినపడేలా అన్నాడు.

"నీకూ తొందరే కదా, పెద్దక్కా."

తాళం ఎందుకు కోశావని ఎవరడిగినా వాడు చెప్పే జవాబు అదే అయ్యుంటుంది. పని తొందరలో ఉంది.

డాక్టరమ్మకి ఆ వీడియో చూపించి, చేతిని చూడమన్నాను. మామూలు చెయ్యే కదా, ఐదు వేళ్ళున్నాయి, మీరు నిద్ర పోవడం లేదు, అందుకే అలా కనిపిస్తోంది అంది. అని, ఆ రోజు నుంచి మా మేడ మెట్లు ఎక్కలేదు. మరదలూ ఐదే అంది. అలా అన్నది మొదలు నా చేత్తో ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు అందుకోవడం లేదు. బల్ల మీద పెట్టు వదినా, తీసుకుంటాను అంటుంది.

ల్యాప్‌టాప్ ఆఫీసులోనే ఉంది. డిస్క్ ఇంకా పోలేదు, చప్పుడు చెయ్యడం కూడా మానేసింది. రోజూ సాయంత్రం ఆపమని చెప్తాను. ఒక్క మాట ఎదురు చెప్పదు. ఎవరు లోపల ఉన్నారని అడిగితే ఒక్క పేరే చూపిస్తుంది. ఆఫీసు. అంటే నేను. ఇంకెవరూ లేరట, ఏ అడ్డూ లేదట. వెంటనే ఆగిపోతుంది. నాకు భయం వేసేది అదే. ఆ కాలు ఎక్కడ ఇరుక్కుందో, తీసుకోగలిగాడో లేదో, ఇంక ఎవరిని అడగను?

బల్ల మీద మూడుసార్లు కొడతాను. ఏమీ వినపడదు.

నా కళ్ళు పాతబడ్డాయి. నా మాట నేనే నమ్మను. మీరు చిన్నవాళ్ళు, మీ చూపు మంచిది, మీకు నేను ఏమీ కాను. అందుకే మొదట్లోనే అడిగాను. ఇప్పుడు ఫోన్ తియ్యండి. ఆ వీడియో తెరవండి. కట్టరు పట్టుకున్న చెయ్యి వచ్చినచోట ఆపండి. దగ్గరికి లాగి, చివరి వేలు చూడండి.

పూర్తిగా ఉందా?